కాబూల్ కూలింది, మరి ఊళ్ళు?

2021 ఆగస్టు 15న తాలిబాన్లు పెద్దగా తుపాకీ పేల్చకుండానే కాబూల్లోకి నడిచొచ్చేశారు. అధ్యక్షుడు అష్రఫ్ ఘనీ అదే రోజు దేశం దాటేశాడు. మర్నాడు విమానాశ్రయంలో కదులుతున్న విమానం వెంట పరిగెడుతున్న జనాన్ని ప్రపంచమంతా చూసింది. ఇక ఆ వారమంతా టీవీల్లో, పేపర్లలో, ఆఫీసు క్యాంటీన్లలో ఒకటే తీర్పు: 'ఆ దేశానికి ప్రజాస్వామ్యం పడదు. గిరిజన తెగలు, ముల్లాలు, తుపాకులు.. వాళ్ళంతే. ఇరవయ్యేళ్ళు పోసిన డబ్బంతా ఇసుకలో పోసిన నీళ్ళే'.

ఈ తీర్పుతో నాకు పేచీ ఉంది. ఎందుకంటే అదే దేశంలో, అదే ఇరవయ్యేళ్ళలో, సుమారు 35 వేల ఊళ్ళు రహస్య ఓటుతో తమ కౌన్సిళ్ళని ఎన్నుకున్నాయి. తమకేం కావాలో తామే తేల్చుకుని, బావులు తవ్వుకున్నాయి, కాలవలు బాగుచేసుకున్నాయి, సెలయేళ్ళ మీద చిన్న చిన్న కరెంటు యంత్రాలు పెట్టుకున్నాయి. ఈ కథ టీవీల్లో రాలేదు. బాంబు పేలితే వార్త గానీ బావి తవ్వితే వార్తేముంది?

ఆ పథకం పేరు నేషనల్ సాలిడారిటీ ప్రోగ్రాం. దరీ భాషలో 'హంబస్తగీ-యే-మిల్లీ' అంటారు, జాతీయ సంఘీభావం అని అర్థం. 2003లో మొదలై 2016 దాకా నడిచింది. దాని గురించి చెప్పేముందు కాస్త వెనక్కి వెళ్ళాలి. ఆఫ్ఘనిస్తాన్లో కాబూల్‌కీ ఊళ్ళకీ మధ్య ఉన్న పాత తగువు తెలియకపోతే ఈ పథకంలో కొత్తదనం ఏమిటో అర్థం కాదు.

కాబూల్ చెప్తుంది, ఊరు వినదు

1919లో గద్దెనెక్కిన అమానుల్లా ఖాన్ దేశాన్ని గబగబా ఆధునికం చేసేయాలనుకున్నాడు. చట్టాలు, ఆడపిల్లల బళ్ళు, పన్నులు, సైన్యంలో నిర్బంధ చేరిక - అన్నీ పైనుంచి ఫర్మానాలే. 1924లో ఖోస్త్ ప్రాంతం తిరగబడింది. 1929కల్లా రాజుగారు దేశం విడిచి వెళ్ళాల్సొచ్చింది. ఆయన తలపెట్టిన వాటిలో మంచివి చాలానే ఉన్నాయి. కానీ ఊళ్ళని అడిగి చేసినవి తక్కువ.

తర్వాత వచ్చినవాళ్ళు ఇంజనీర్లని నమ్ముకున్నారు. 1946లో అమెరికా కంపెనీ మారిసన్ నుడ్సెన్‌తో ఒప్పందం కుదిరింది. హెల్మండ్ లోయలో పెద్ద ఆనకట్టలు, పెద్ద కాలవలు, ఎడారిలో పచ్చని పొలాలు. కజాకీ డ్యామ్ 1953కి పూర్తయింది. ఆ లోయలోని లష్కర్ గా పట్టణాన్ని 'లిటిల్ అమెరికా' అనేవాళ్ళు. కానీ మురుగునీరు పోయే దారి సరిగ్గా లేక చాలాచోట్ల భూమి ఉప్పుతేలింది. ఆ నేల లోతు, ఆ నీటి గుణం తరతరాలుగా ఎరిగిన రైతులు ప్లాన్ గీసేటప్పుడు ఆ గదిలో లేరు. (నాలాంటి ఇంజనీరింగ్ చదివినవాళ్ళందరికీ ఇది పాఠ్యాంశంగా పెట్టాలి!)

1978 ఏప్రిల్లో కమ్యూనిస్టులు అధికారంలోకొచ్చారు. ఫర్మానాల మీద ఫర్మానాలు: భూసంస్కరణలు, అప్పుల రద్దు, అక్షరాస్యత. కాగితం మీద చదివితే ఏదీ తప్పనిపించదు. కానీ విత్తనం, నీళ్ళు, అప్పు ఇచ్చే పాత ఏర్పాటుని తీసేసి దాని స్థానంలో ఏమీ పెట్టకుండా భూమి పంచారు. ఎదురు చెప్పినవాళ్ళని జైళ్ళలో కుక్కారు. 1979 మార్చిలో హెరాత్ భగ్గుమంది. ఆ ఏడాది చివర్లో సోవియట్ సేనలు దిగాయి. ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే.

ఇక్కడో సంగతి. కాబూల్లో ఎవరున్నా, అసలెవరూ లేకపోయినా, ఊళ్ళు మాత్రం ఎలాగో నడిచాయి. తగువు తీర్చడానికి షురా లేదా జిర్గా, అంటే పెద్దమనుషుల పంచాయితీ. ప్రభుత్వంతో మాట్లాడటానికి మాలిక్ లేదా అర్బాబ్. కాలవ నీళ్ళు వంతులేసి పంచడానికి మిరాబ్, అచ్చం మన చెరువుల కింద నీరటికాడి లాగా. కాలవ పూడిక తియ్యాలంటే ఇంటికో మనిషి పారతో రావాల్సిందే. దాన్ని 'హషర్' అంటారు. మనం శ్రమదానం అని కొత్తగా పేరు పెట్టుకున్నది వాళ్ళకి ఎప్పట్నుంచో ఉంది.

ఈ పాత ఏర్పాటు స్వర్గమేమీ కాదు. అందులో ఆడవాళ్ళకి చోటు లేదు, పేదవాడి గొంతు చిన్నది, అర్బాబు చాలాచోట్ల భూస్వామే. కానీ 'ఆఫ్ఘన్లకి కలిసి పనిచేయడం చేతకాదు' అనేవాళ్ళు ఆ కాలవల్ని ఒకసారి చూసొస్తే మంచిది. కలవకుండా అవి వందల ఏళ్ళు పారవు.

దూలాల కథ

2001 డిసెంబరులో బాన్ ఒప్పందం, 2002 జనవరిలో టోక్యో సమావేశం. దాతలు 450 కోట్ల డాలర్లు ఇస్తామన్నారు. ఎన్జీవోలు, ఐరాస సంస్థలు, కన్సల్టెంట్లు కాబూల్లో దిగిపోయారు. డబ్బులో ఎక్కువ భాగం ప్రభుత్వం ఖజానాలోకి రాకుండా నేరుగా వాళ్ళ చేతుల్లోంచే ఖర్చయ్యేది.

అప్పట్లో ప్రభుత్వానికి సలహాదారుగా పనిచేసిన క్లేర్ లాక్‌హార్ట్ చెప్పిన కథొకటుంది. తర్వాత చాలా పుస్తకాల్లోకెక్కింది. మధ్య ఆఫ్ఘనిస్తాన్లో ఒక మారుమూల ఊరివాళ్ళు రేడియోలో విన్నారట, ఇళ్ళు కట్టుకోవడానికి కోట్ల డాలర్ల సాయం వస్తోందని. ఎన్నో నెలలకి వచ్చినవి కొన్ని చెక్క దూలాలు. మధ్యలో డబ్బు ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకి కాంట్రాక్టుగా మారుతూ, మారిన ప్రతిచోటా ఇరవై శాతం తరుగుతూ వచ్చింది. మిగిలినదాంతో ఇరాన్లో కలప కొని, మామూలు కన్నా ఎక్కువ కిరాయిచ్చి లారీల్లో తెచ్చారు. తీరా చూస్తే ఆ దూలాలు ఆ మట్టిగోడలకి పనికిరానంత పెద్దవి. ఊరివాళ్ళు వాటిని చీల్చి పొయ్యిలో పెట్టుకున్నారు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని మన సామెత. ఇక్కడ పూజారులు నలుగురైదుగురు!

ఈ పరిస్థితిలో ఇద్దరు మంత్రులు వేరే దారి ఎంచుకున్నారు. ఒకరు ఆర్థిక మంత్రి అష్రఫ్ ఘనీ (అవును, ఆ ఘనీయే). ఆంత్రొపాలజీ చదివి, పదేళ్ళు ప్రపంచ బ్యాంకులో పనిచేసినవాడు. రెండోవారు గ్రామీణ శాఖ మంత్రి హనీఫ్ అత్మర్, అంతకుముందు ఎన్జీవోల్లో పనిచేసినవాడు. ఘనీకి ప్రపంచ బ్యాంకులో స్కాట్ గుగెన్‌హైమ్ అనే మిత్రుడున్నాడు, ఆయనదీ అదే చదువు. ఇండోనేషియాలో 1998లో మొదలైన కెచమతాన్ అభివృద్ధి పథకం రూపకర్తల్లో ఆయన ముఖ్యుడు. కెచమతాన్ అంటే మన మండలం లాంటిది. సుహార్తో కూలి, రూపాయి (వాళ్ళ రుపియా) పడిపోయి, దేశం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు డబ్బుని మధ్య మెట్లన్నీ తప్పించి నేరుగా ఊళ్ళ చేతికివ్వడం ఆ పథకం కిటుకు. అదే కిటుకు కాబూల్‌కొచ్చింది.

అయితే ఇది పూర్తిగా దిగుమతి సరుకు కాదు. 1990ల్లోనే, యుద్ధం మధ్యలోనే, ఐరాస హాబిటాట్ సంస్థ మజారే షరీఫ్ లాంటి పట్టణాల్లో పేటల వారీగా జనం వేదికలు నడిపించింది. 2003లో పథకం రాసేటప్పుడు ఆ అనుభవం కూడా కలిసొచ్చింది.

ఎలా పనిచేసింది?

మొదటి చిక్కు: ఆఫ్ఘనిస్తాన్లో ఊళ్ళెన్ని? ఎవరికీ తెలియదు! 1979లో మొదలెట్టిన జనాభా లెక్కలే మధ్యలో ఆగిపోయాయి, మళ్ళీ జరగలేదు. అందుకని ఊరంటే ఏమిటో పథకమే ఒక నిర్వచనం చెప్పుకుంది: కనీసం పాతిక కుటుంబాలు కలిసి ఉంటే ఒక సముదాయం.

రెండోది డబ్బు. కుటుంబానికి 200 డాలర్ల లెక్కన, ఒక ఊరికి గరిష్ఠంగా 60 వేల డాలర్లు. అప్పటి మారకంలో కుటుంబానికి మన తొమ్మిది వేల రూపాయల పైచిలుకు. పెద్ద మొత్తమేం కాదు. కానీ ఎవరికెంతో లెక్క తేటగా ఉంది, పైరవీ చేసి పెంచుకునే వీల్లేదు. ఖర్చులో పదో వంతు ఊరే పెట్టుకోవాలి. డబ్బు లేకపోతే కూలి రూపంలోనో, రాయీ ఇసకా రూపంలోనో.

మూడోది ఎన్నిక. ముందుగా ఒక ఎన్జీవో మనుషులు ఊళ్ళోకొచ్చి కొన్ని నెలలు కూర్చుని మాట్లాడతారు. తర్వాత రహస్య ఓటుతో గ్రామాభివృద్ధి కౌన్సిల్ ఎన్నిక. ఆడవాళ్ళూ ఓటేస్తారు, ఆడవాళ్ళూ సభ్యులుంటారు. ఆడా మగా ఒకే గదిలో కూర్చోవడం కుదరని చోట రెండు విడి సమావేశాలు. పథకం పెరిగాక సభ్యుల్లో దాదాపు మూడో వంతు ఆడవాళ్ళే అయ్యారు. అందులో కొందరు పేరుకే సభ్యులు, సంతకానికి భర్తో కొడుకో వచ్చేవాడు. (మన సర్పంచ్ పతుల్ని చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు.) అయినా అంతకుముందు తాలిబాన్ల ఏలుబడిలో వీధిలోకి ఒంటరిగా రాలేని మనిషి పేరు ఊరి కౌన్సిల్ పుస్తకంలోకెక్కడం తక్కువ మార్పు కాదు.

నాలుగోది లెక్క. కౌన్సిల్ పేర బ్యాంకు ఖాతా. బ్యాంకే లేని జిల్లాల్లో హవాలా వ్యాపారుల ద్వారా డబ్బు వెళ్ళింది. మనకి హవాలా అంటే సీబీఐ కేసు గుర్తొస్తుంది గానీ అక్కడ దశాబ్దాలుగా నిలిచిన బ్యాంకు అదొక్కటే. ఎంతొచ్చింది, దేనికెంత పోయింది అన్నది ఊరందరి ముందూ చదివి వినిపించాలి, అందరికీ కనబడేట్టు రాసి పెట్టాలి.

ఇందులో కొత్త టెక్నాలజీ ఏమీ లేదు. ఉన్నదల్లా ఒక్కటే మార్పు: కాబూల్లో కూర్చున్నవాడు 'మీకు దూలాలు పంపుతున్నాం' అనడం మానేసి 'మీకేం కావాలి?' అని అడిగాడు.

ఈ పని ప్రమాదం లేకుండా సాగలేదు. ఊళ్ళలో తిరిగే ఎన్జీవో ఉద్యోగులు కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. బయటివాళ్ళు తిరగడమే కష్టమైన రోజులవి. 2006 ఏప్రిల్లో జాబుల్ రాష్ట్రంలో టెలికాం పనిమీద వెళ్ళిన హైదరాబాద్ ఇంజనీరుని తాలిబాన్లు ఎత్తుకెళ్ళి చంపేయడం మనవాళ్ళు చాలామందికి గుర్తుండే ఉంటుంది. బతుకుదెరువుకి వెళ్ళినవాడు, ఏ యుద్ధంతోనూ సంబంధం లేనివాడు. కంపెనీ కాంట్రాక్టులతో, బయటి మనుషులతో కట్టే ప్రతి పనికీ అక్కడ ఆ వెల ఉంది. అదే కాలవ పని ఊరివాళ్ళే చేసుకుంటుంటే దాడి చెయ్యడం అంత తేలిక కాదు. ఎందుకంటే దాడి చేసేవాడి మేనమామ కూడా ఆ కాలవ నీళ్ళే వాడుకుంటాడు.

లెక్కలు ఏం చెప్పాయి?

ఇక్కడ ఈ పథకాన్ని మెచ్చుకోవాల్సిన ఇంకో సంగతి. తమ గురించి తామే డప్పు కొట్టుకోకుండా పరీక్షకి నిలబడ్డారు. 2007 నుంచి 2011 దాకా ఆండ్రూ బీత్, ఫొతీనీ క్రిస్టియా, రూబెన్ ఎనికొలొపోవ్ అనే ముగ్గురు పరిశోధకులు పది జిల్లాల్లో 500 ఊళ్ళు తీసుకున్నారు. లాటరీ పద్ధతిలో 250 ఊళ్ళకి పథకం ముందుగా ఇచ్చారు, మిగతా 250 ఊళ్ళకి తర్వాత. రెండు గుంపుల మధ్యా తేడా కొలిచారు. కొత్త మందుని పరీక్షించినట్టు. యుద్ధం జరుగుతున్న దేశంలో ఇంత పెద్ద ప్రయోగం మామూలు విషయం కాదు. (కాందహార్, హెల్మండ్ లాంటి దక్షిణాది ప్రాంతాలు భద్రత లేక ఇందులో చేరలేదు, అది గుర్తుపెట్టుకోవాలి.)

ఫలితాలు ఇటు పొగిడేవాళ్ళకీ అటు తిట్టేవాళ్ళకీ పూర్తిగా నచ్చేవి కావు.

తాగునీరు, కరెంటు - మెరుగయ్యాయి. సాగునీరు, రోడ్లు - పెద్దగా తేడా కనిపించలేదు. ఆడపిల్లల చదువు పెరిగింది. ఊరి వ్యవహారాల్లో ఆడవాళ్ళ మాట ఉండాలని ఒప్పుకునే మగవాళ్ళు పెరిగారు. ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ఫలితంగా అనిపిస్తుంది. ఉపన్యాసాలతో మారని మనసు, పక్కింటావిడ లెక్కలు చూస్తుంటే కాస్తయినా మారింది.

ప్రభుత్వం మీద అభిప్రాయం? పథకం నడుస్తున్నంతకాలం బాగుంది. డబ్బయిపోయి పని ముగిశాక ఆ మంచి అభిప్రాయం చాలావరకు కరిగిపోయింది.

యుద్ధం? పాకిస్తాన్ సరిహద్దుకి దగ్గరున్న తూర్పు జిల్లాల్లో ఏ ప్రభావమూ కనిపించలేదు. మిగతా చోట్ల జనం అభిప్రాయాలు మారాయి, భద్రత కూడా కొంత మెరుగుపడింది. ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. గొడవ ఊళ్ళో పుడితే ఊరి బావి దాన్ని కొంత చల్లార్చగలదు. బయటినుంచి వచ్చిన తుపాకీకి ఆ ఊరి నీళ్ళ రుచితో పనేముంది?

గోధుమల పరీక్ష

అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసింది ఇంకొకటి. 2011లో ప్రపంచ ఆహార కార్యక్రమం వాళ్ళు ఈ 500 ఊళ్ళలోనే గోధుమలు పంచారు. బాగా పేదవాళ్ళకి చేరాలి. పరిశోధకులు దీన్ని కూడా ఒక పరీక్షగా మార్చారు. కౌన్సిలున్న ఊళ్ళలో సగంచోట్ల 'ఈ పంపిణీ బాధ్యత కౌన్సిల్‌దే' అని స్పష్టంగా చెప్పారు. మిగతా సగంలో ఎవరు పంచాలో చెప్పకుండా ఊరికే వదిలేశారు.

బాధ్యత స్పష్టంగా చెప్పిన చోట గోధుమలు పేదలకి బాగానే చేరాయి. మరి చెప్పని చోట? అక్కడ కొత్త కౌన్సిలూ ఉంది, పాత పెద్దమనుషులూ ఉన్నారు. ఎవరి అధికారం ఎంతో ఎవరికీ తెలియదు. అక్కడ గోధుమలు పక్కదారి పట్టడం, కౌన్సిలే లేని ఊళ్ళకన్నా ఎక్కువైంది!

మళ్ళీ చదవండి. ఎన్నికైన కౌన్సిల్ ఉండి, దానికి అధికారం లేకపోతే, కౌన్సిల్ అసలు లేని ఊరికన్నా అన్యాయం. పాత ఏర్పాటులో కనీసం అర్బాబుని నిలదీయొచ్చు. కొత్తా పాతా పక్కపక్కన ఉంటే అర్బాబు కౌన్సిల్‌ని చూపిస్తాడు, కౌన్సిల్ అర్బాబుని చూపిస్తుంది. పదిమంది చేతిలో పాము చావదంటారే, అదన్నమాట. ఏ సాఫ్టువేరు ప్రాజెక్టులో పనిచేసినవాడికైనా ఇది తెలుసు. ఒకే పనికి ఇద్దరు ఓనర్లున్నారంటే ఆ పనికి ఓనరే లేనట్టు.

నా ఉద్దేశంలో ఆఫ్ఘనిస్తాన్ కథ మొత్తం ఈ గోధుమల బస్తాలో ఉంది.

కౌన్సిల్‌కి చోటెక్కడ?

2004లో వచ్చిన రాజ్యాంగం 140వ అధికరణం, ప్రతి ఊరికీ ప్రతి జిల్లాకీ ఎన్నికైన కౌన్సిల్ ఉండాలంది, కాలపరిమితి మూడేళ్ళు. ఆ ఎన్నికలు ఒక్కసారి కూడా జరగలేదు. 2018లో పార్లమెంటుతో పాటు జిల్లా కౌన్సిళ్ళకీ జరుపుతామని, చివరికి పార్లమెంటుతో సరిపెట్టారు.

మరి ఊళ్ళలో అప్పటికే ఎన్నికైన వేలాది కౌన్సిళ్ళున్నాయి కదా, వాటినే రాజ్యాంగం చెప్పిన కౌన్సిళ్ళుగా గుర్తించొచ్చు కదా? అక్కడే రాజకీయం. కౌన్సిళ్ళు గ్రామీణ శాఖవి. 2007లో స్థానిక పాలనకని విడిగా ఇంకో సంస్థ పుట్టింది, గవర్నర్లు దాని కింద. అది తన సొంత జిల్లా షురాలు పెట్టింది. గ్రామీణ శాఖకి విడిగా జిల్లా సభలున్నాయి. అమెరికా సైన్యం తన కమాండర్ల చేతిలో నగదు పెట్టి, ఏ ఊళ్ళో ఎవరితో మాట్లాడాలో తనే నిర్ణయించుకునేది. ఒక్కో దాతకి ఒక్కో కమిటీ. ఊళ్ళో మనిషి ఒకడే, వాడు కూర్చోవాల్సిన మీటింగులు అయిదు!

మనకిది బొత్తిగా కొత్త విషయమేమీ కాదు. సరిగ్గా అదే కాలంలో, అదే ప్రపంచ బ్యాంకు అప్పుతో, 2000లో మన దగ్గర 'వెలుగు' మొదలైంది. మహిళా సంఘాలతో అది చేసిన మేలు చేసింది. కానీ 'మరి పంచాయతీ ఎందుకు? అన్నీ సంఘాలకీ కమిటీలకీ ఇచ్చేస్తే సర్పంచ్ జెండా ఎగరేయడానికా?' అన్న ప్రశ్న జన్మభూమి రోజుల్నుంచీ ఉంది. తేడా ఏమిటంటే మనకి 73వ రాజ్యాంగ సవరణ ఉంది, ఎంత బలహీనంగానైనా పంచాయతీ నిలబడి ఉంది. కమిటీ పోయినా పంచాయతీ మిగులుతుంది. వాళ్ళకి కమిటీ పోతే మిగిలేది మళ్ళీ అర్బాబే.

పన్ను సంగతి ఇంకా ముఖ్యం. కౌన్సిల్‌కి తనదంటూ రాబడి లేదు. వచ్చినదంతా విదేశీ గ్రాంటు. మొదటి విడత అయిపోతే రెండో విడత ఎప్పుడొస్తుందో, వస్తుందో రాదో వాషింగ్టన్లో తేలాలి. ఊరు కౌన్సిల్‌కి లెక్క అడగగలదు, నిజమే. కానీ కౌన్సిల్ కాబూల్‌ని లెక్క అడగలేదు. కాబూల్ ఊరికి కాదు, దాతలకి జవాబుదారీ. కింద మెట్టులో ప్రజాస్వామ్యం పెట్టి, పై మెట్లన్నీ పాత పద్ధతిలో వదిలేస్తే అది ఎంతకాలం నిలుస్తుంది?

పోలిక కోసం ఒక లెక్క. ఇరవయ్యేళ్ళలో ఆఫ్ఘనిస్తాన్ పునర్నిర్మాణానికి అమెరికా ఒక్కటే కేటాయించింది సుమారు 14,500 కోట్ల డాలర్లు. అందులో సగానికి పైగా సైన్యం, పోలీసుల మీద. సాలిడారిటీ పథకానికి అన్ని దేశాలూ కలిపి పెట్టింది రెండు వందల కోట్ల డాలర్ల పైచిలుకు. సైన్యం కొన్ని వారాల్లో మాయమైంది. బావులు మాత్రం ఎటూ పారిపోలేదు.

ఆఖరి ప్రయత్నం

2014లో ఘనీ అధ్యక్షుడయ్యాడు. అంతకుముందు 2008లో, లాక్‌హార్ట్‌తో కలిసి, విఫల రాజ్యాలని ఎలా బాగుచేయాలో ఒక పుస్తకమే రాశాడాయన. 2016లో సాలిడారిటీ పథకం స్థానంలో 'సిటిజన్స్ చార్టర్' వచ్చింది. తప్పుల్నుంచి నేర్చుకున్నదే. ఈసారి ఊరికి డబ్బిచ్చి ఊరుకోవడం కాదు, తాగునీరు, బడి, వైద్యం, కరెంటు లాంటివాటిలో ప్రతి ఊరికీ కనీసం ఇంత అందాలని ప్రభుత్వమే మాటిస్తుంది. అందిందో లేదో కౌన్సిల్ స్కోరు కార్డులు రాస్తుంది. ఎన్నిక కూడా మారింది: కొన్ని ఇళ్ళకి కలిపి ఒక మగ, ఒక ఆడ సభ్యులు. అంటే సగం సగం. మనమింకా పార్లమెంటులో మూడో వంతు కోసం తంటాలు పడుతున్నాం!

ఆలోచన మంచిదే. కానీ ఆలస్యమైంది. అప్పటికే చాలా జిల్లాల్లో పగలు ప్రభుత్వం, రాత్రి తాలిబాన్. పుస్తకం రాసిన పెద్దమనిషి పాలన కూడా కాబూల్లో కొద్దిమంది చుట్టూనే తిరిగిందని ఆయన తోటివాళ్ళే విమర్శించారు. ఊళ్ళకి అధికారం ఇవ్వాలని ఏళ్ళ తరబడి వాదించిన మనిషి, చేతికందిన అధికారంలో చిటికెడు కూడా కిందకి వదల్లేకపోయాడు. ఒక్క ఘనీ తప్పని కాదు. గవర్నర్లు మొదలు బడి పంతుళ్ళ దాకా అన్నీ కాబూలే చూసుకోవాలన్న ఏర్పాటు అమానుల్లా కాలం నుంచీ ఉన్నదే. ఆ ఒక్కటీ ఎవరూ ముట్టుకోలేదు.

2021 ఆగస్టులో పై మెట్టు విరిగింది. అప్పటికి ప్రభుత్వ ఖర్చులో సుమారు 75 శాతం విదేశీ సాయమే. ప్రపంచ బ్యాంకు చెల్లింపులు ఆపేసింది. అమెరికా అక్కడి కేంద్ర బ్యాంకు నిల్వలు స్తంభింపజేసింది. సిటిజన్స్ చార్టర్ ఎక్కడి పనులక్కడ ఆగిపోయాయి. నేరమెవరిదైనా ఆకలి ఊళ్ళదే.

ఆ తర్వాత జరిగింది గమనించాలి. 2022లో, తాలిబాన్ల చేతికి డబ్బివ్వకుండా జనానికి ఉపాధి చూపించడమెలా అని దాతలు తలలు పట్టుకున్నారు. ఐరాస సంస్థ ద్వారా 26.5 కోట్ల డాలర్ల పథకమొకటి తెచ్చారు. ఊళ్ళో ఏ పని చెయ్యాలి, ఎవరికి కూలి ఇవ్వాలి అని తేల్చడానికి ఎవర్ని పట్టుకున్నారో తెలుసా? ఆ పాత గ్రామ కౌన్సిళ్ళనే. రాజ్యాంగం లేదు, పార్లమెంటు లేదు, అధ్యక్షుడు లేడు. ఊరి కౌన్సిల్ ఉంది!

కానీ దాన్ని చూసి మురిసిపోవడానికి లేదు. 2022 మార్చిలో పెద్ద తరగతుల ఆడపిల్లలకి బడి తలుపులు మూసే ఉంచారు, డిసెంబరులో విశ్వవిద్యాలయాలు మూశారు, అదే నెల 24న ఎన్జీవోల్లో ఆడవాళ్ళ ఉద్యోగాలు నిషేధించారు. ఏ ఆడవాళ్ళ గొంతు పెరిగిందని 500 ఊళ్ళ లెక్కలు చెప్పాయో, మొదట నొక్కింది ఆ గొంతునే. ఎవరు ఎదిగితే తమకి ప్రమాదమో తాలిబాన్లకి బాగా తెలుసు.

చివరిగా

'అన్నీ పైనుంచే చెయ్యాలి' అనేవాళ్ళకి హెల్మండ్ కాలవలు జవాబు. 'అన్నీ కిందనుంచే అయిపోతాయి' అనేవాళ్ళకి 2021 ఆగస్టు జవాబు. ఊరు తన బావి తవ్వుకోగలదు, తన బడి కట్టుకోగలదు, తన కాలవ కాపాడుకోగలదు. కానీ రాజధానిలో అవినీతిని, సరిహద్దు అవతల శిక్షణ శిబిరాలని, దాతల మనసు మారడాన్ని ఊరు ఆపలేదు. ఆ పని రాజ్యం చెయ్యాలి. రాజ్యం చెయ్యలేదు.

కాబట్టి 'ఆఫ్ఘన్లకి ప్రజాస్వామ్యం పడలేదు' అనకండి. అది పడ్డచోట, అంటే ఎవరో నిజంగా వాళ్ళ చేతికిచ్చిన చోట, వాళ్ళు దాన్ని వాడుకున్నారు. వరసలో నిలబడి ఓటేశారు, లెక్కలు చదివించుకున్నారు, పదో వంతు ఖర్చు తమ రెక్కలతో పెట్టారు. వాళ్ళకి అందనిది ఆ పై మెట్టు. కుటుంబానికి 200 డాలర్లిచ్చి లెక్క అడిగినవాళ్ళెవరూ వేల కోట్లు తిన్నవాళ్ళని అంత గట్టిగా లెక్క అడగలేదు.

ఆ దేశానికి మళ్ళీ ఎప్పుడో మంచిరోజులొస్తాయి. అప్పుడు మళ్ళీ దాతలొస్తారు, సమావేశాలు పెడతారు, కొత్త పథకానికి కొత్త పేరు పెడతారు. వాళ్ళు మొదట అడగాల్సిన ప్రశ్న 'ఎంత డబ్బివ్వాలి?' అన్నది కాదు. 'ఈ గోధుమల బస్తాకి బాధ్యుడెవరు? వాణ్ణి అడిగే హక్కు ఎవరిది?' అన్నది. ఆ రెండూ చట్టంలో రాయకుండా ఇంకో 35 వేల కౌన్సిళ్ళు పెట్టినా, వాటి బతుకు తర్వాతి గ్రాంటు వచ్చేదాకానే.